'సెట్' ఒక్క మాటా, పది మాటలా?

మాటలమూట:
మా అమ్మాయి పదో తరగతి. లెక్కల్లో సమితులు చదువుతూ "నాన్నా, సెట్ అంటే సమితి కదా, మరి సన్‌సెట్‌లో ఏ సమితి ఉంది?" అంది. నవ్వొచ్చింది గానీ జవాబు తట్టలేదు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో 'సెట్' క్రియ ఒక్కదానికే 430 దాకా అర్థాలున్నాయట. అవన్నీ నిజంగా వేరువేరు అర్థాలేనా? లెక్క పెంచి చూపించారని నా అనుమానం.

కొట్టుకాడ:
అనుమానం ఎందుకండీ? మన 'కొట్టు' చూడండి. కొబ్బరికాయ కొడతాం, టైరుకి గాలి కొడతాం, చప్పట్లు కొడతాం, సినిమా బోరు కొడుతుంది. బోరులో దెబ్బ ఎక్కడుంది చెప్పండి!

మాటలమూట:
బాగుంది. కానీ ఆ 430 చాలవన్నట్టు 'సెటప్', 'సెటాఫ్' లాంటి జంటలు కూడా కలిపి లెక్కని 580 దాకా తీసుకెళ్ళారు. పర్సు 'కొట్టేయడం' కూడా 'కొట్టు' ఖాతాలో రాస్తే మీరు ఒప్పుకుంటారా?

కొట్టుకాడ:
ఒప్పుకుంటాను. 'కొట్టు' లేకుండా 'కొట్టేయడం' ఎక్కడిది? అయినా ఇప్పుడు పోటీలో ముందున్నది 'రన్' అండీ. కొత్త కూర్పు కోసం ఆ క్రియకు 645 అర్థాలు తేల్చారు.

పాతపలక:
అమ్మాయి అడిగింది సరైన ప్రశ్నే. సన్‌సెట్‌లోని సెట్, 'సిట్' ఒకే కుదురువి. కూర్చోబెట్టడం, దించడం అన్నమాట. సమితి అనే సెట్ వేరు. లాటిన్‌లో 'సెక్టా' అంటే ఒకరి వెంట నడిచేవాళ్ళు. అది ఫ్రెంచి మీదుగా 'సెట్'గా వచ్చి, పలుకు ఒకటే కావడంతో మొదటి దాంతో కలిసిపోయింది. అందుకే ఎంత ఈడ్చినా ఆ రెంటికీ ముడి పడదు. మిగతావి మాత్రం పిల్లలే. జెల్లీ సెట్ కావడమంటే కదలకుండా కూర్చోవడమే కదా. అదే పాలైతే మనం తోడుకున్నాయంటాం.

సిమెంటుబస్తా:
మా మేస్త్రి "సార్, స్లాబు ఇంకా సెట్ అవలేదు, కాలు పెట్టకండి" అన్నాడు. నేను పెట్టాను. బాటా చెప్పు గుర్తు ఇప్పటికీ మేడ మీద ఉంది. అది ఇంగ్లీషు సెట్టే. కానీ "ఆ సంబంధం మనకి సెట్ అవదు" అని మా అత్తయ్య అనేది ఏ ఇంగ్లీషాయనకి తెలుసు? ఆ అర్థం మనం పుట్టించిందే. 431 అనుకోండి.

మాటలమూట:
పాతపలక గారూ, కుదుళ్ళు రెండంటే నా మాట సగం నెగ్గినట్టే. జంటల సంగతి మాత్రం నేను వదలను. అమ్మాయికి ఇదంతా చెప్పాను. మొత్తం విని, "సరే నాన్నా, ఇది పరీక్షలో ఎన్ని మార్కులకి వస్తుంది?" అంది.