ఫుట్‌పాత్ ఖాళీ చేయించుడు: ముందు బండ్లా, షాపుల మెట్లా?

గడియారం సెంటర్: నల్గొండ పెద్ద గడియారం నుంచి ప్రకాశం బజార్ దిక్కు ఫుట్‌పాత్ ఖాళీ చేయించాలంటే మున్సిపల్ కార్పొరేషన్ ముందు ఎవరి జోలికి పోవాలె? తోపుడుబండి ఒక్క పూటల జరుగుతది, షాపు ర్యాంపు జరగదు. ముందు బండ్లను తీసేస్తే తప్పేంది?

బజారు బండి: 2014 వీధి వ్యాపారుల చట్టం ఒప్పదు. బండ్లోళ్ల సర్వే అయి అమ్ముకునే సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపొద్దని 3వ సెక్షన్. ఇచ్చినంక కూడా, అండ్ల రాసిన జాగ నుంచి లేపాలంటే 30 రోజుల నోటీసు. గడువు దాటినా కదలకుంటే రోజుకు 250 రూపాయల దాకా జరిమానా, జప్తు. జప్తు చేస్తే లిస్టు రాసి, సంతకం పెట్టిన కాపీ చేతికియ్యాలె. ఫీజు కడితే పండ్లు, కూరగాయలు అడిగిన రోజే, మిగతావి రెండు పనిదినాలల్ల వాపస్. లిస్టు లేకుండ ట్రాక్టర్ల ఎక్కిస్తే కాంటా పోయిందని ఏ కాయితం చూపి అడుగుతరు?

షట్టర్ నంబర్ 9: ఆస్తిపన్ను, ట్రేడ్ లైసెన్సు కట్టేది మేము. నోటీసు బండికేనా? 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చే ముందు 15 రోజులు ఇయ్యమన్నది.

కొలతల టేపు: అదే తీర్పు చదువుర్రి. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు, నాలా మీద కట్టినవాటికి ఆ రక్షణ వర్తించదు. మీ హద్దు లోపల అనుమతి లేని కట్టడమైతే 15 రోజులు అడగొచ్చు. షాపు ముందటి మోరీ మీద పోసిన స్లాబుకు అడగలేరు.

అందుకే కొలత ముందు. మాస్టర్ ప్లాన్‌ల ఆ రోడ్డు వెడల్పెంతో చూసి, నడిమి గీత నుంచి రెండు దిక్కుల టేపు పెట్టాలె. ఒక్కరోజే రెండు వరుసలకూ పెయింటు గుర్తు, ఫొటో, కొలతల కాపీ. ఒక్క వరుసే కొలిచి ఆపితే తెల్లారేసరికి ‘పెద్దోళ్ల షాపులు ఇడిసిపెట్టిన్రు’ అంటరు, ఆ మాటకు జవాబుండదు. నన్నడిగితే మోరీ స్లాబులే ముందు. వాటి కింద పూడిక తీయలేక వానకు నీళ్లు రోడ్డెక్కుతయి. బండి మోరీని మూసెయ్యదు కద.

షట్టర్ నంబర్ 9: స్లాబు తీస్తే గిరాకీ మోరీ దుంకి రావాల్నా?

కొలతల టేపు: ఎత్తి పెట్టే ఇనుప జాలీ ఎయ్యుర్రి, పూడిక తీసేరోజు పక్కకు పెట్టొచ్చు. కాంక్రీటు పోస్తేనే పంచాయితీ.

బజారు బండి: జాలీ సరే. మరి బండ్లు యాడికి? అదే 2014 చట్టం చెప్పిన పట్టణ విక్రయ కమిటీల కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలె. ముందు ఆ కమిటీని కూసోబెట్టి జాగ తేల్చుర్రి, పెయింటు డబ్బా తర్వాత తెద్దురు.

కొలతల టేపు: కమిటీ కూసునేదాకా మోరీ ఆగదు. రెండూ ఒక్కపారే నడవాలె.