జర్మనీలో బాడుగ ఇల్లు: ఇక్కడి నుంచే డబ్బు కట్టేయొచ్చా?

క్లాక్ టవర్, అనంతపురం:
తమ్ముడికి మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది, అక్టోబరులో క్లాసులు. హాస్టల్ వెయిటింగ్ లిస్టులో ఉంది. నెట్‌లో ఒక ఫ్లాటు దొరికింది, బాడుగ 280 యూరోలు. ఇంటాయన లండన్‌లో ఉంటాడంట. రెండు నెలల బాడుగ, అడ్వాన్సు కలిపి 1,120 యూరోలు వేస్తే బీగాలు కొరియర్ చేస్తానంటున్నాడు. నమ్మకానికి తన పాస్‌పోర్టు కాపీ కూడా పంపినాడు. రేపు బ్యాంకుకు పోయి కట్టేయాలనుకుంటున్నాం. ఏమంటారన్నా?

కొండారెడ్డి బురుజు, కర్నూలు:
కట్టొద్దప్పా, ఒక్క యూరో కూడా. ఇంటాయన ఊళ్లో ఉండడు, బీగాలు కొరియర్‌లో వస్తాయి, డబ్బు మాత్రం ముందే పడాలి. ఈ మూడూ ఒకచోట కలిస్తే అది మోసమే. ఆ పాస్‌పోర్టు ఇంతకుముందు మోసపోయినవాళ్లది కావచ్చు, అందుకే తమ్ముడిది పంపొద్దండి.

హాస్టల్ లిస్టులో పేరు అట్లే ఉంచండి. మొదటి రెండు మూడు నెలలకు ట్స్విషెన్‌మీటె చూడండి. ఊరికి పోయే స్టూడెంటు తన రూమును సామాన్లతో సహా కొన్నాళ్లు బాడుగకిచ్చేదాన్ని అట్లంటారు. ఇంటి ఓనరు ఒప్పుకున్నాడా, అన్మెల్డుంగ్, అంటే అడ్రసు రిజిస్ట్రేషను, కుదురుతుందా అని ముందే అడగాలి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో అడ్రసు రిజిస్టరు చేయించుకోవాలి, దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం కావాలి. అది ఇవ్వనంటే ఎంత చవకైనా ఆ రూము వద్దు. రిజిస్టరు కాకపోతే ట్యాక్స్ నంబరు రాదు, వీసా పొడిగింపు పని కూడా ఇరుక్కుంటుంది.

ఇంకొకటి. అక్కడ చాలా అపార్టుమెంట్లలో ఫ్లాటు నంబర్లు ఉండవు. కాలింగ్ బెల్ పక్కన, పోస్టు డబ్బా మీద పేర్లే ఉంటాయి. తమ్ముడు దిగిన రోజే తన పేరు కాగితం మీద రాసి డబ్బాకు అంటించాలి. లేదంటే ఉత్తరాలు వెనక్కి పోతాయి. ట్యాక్స్ నంబరు వచ్చేది ఉత్తరంలోనే.

దేవుని కడప:
ప్రకటనలో 280 అన్నది కాల్ట్‌మీటెనా, వార్మ్‌మీటెనా చూడండి. కాల్ట్ అంటే ఉత్త ఇంటి బాడుగ. నీళ్లు, చెత్త, మామూలుగా హీటింగు కూడా కలిపితే వార్మ్. కరెంటు, ఇంటర్నెట్ తరచుగా అందులో రావు. ఇవి కాక రేడియో, టీవీ రుసుము ఇంటికి నెలకు 18.36 యూరోలు, టీవీ లేకపోయినా కట్టాల్సిందే. నలుగురు కలిసి ఉంటే ఒకరు కట్టి పంచుకుంటారు. హీటింగుకు నెలనెలా కట్టేది అంచనా మాత్రమే, ఏడాది లెక్కలో ఎక్కువ కాలినట్టు తేలితే మిగతాది అడుగుతారు.

అడ్వాన్సు మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదని చట్టం. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. ఓనరు పెట్టుకున్న ఏజెంటుకు కమిషను ఓనరే ఇచ్చుకోవాలి, 2015 నుంచి అదే రూలు.

‘2 రూములు’ అంటే మన టూ బీహెచ్‌కే కాదు. ఒక హాలు, ఒక బెడ్‌రూమే. వంటిల్లు, బాత్రూము లెక్కలోకి రావు. ఆ వంటిల్లు కూడా ఒక్కోసారి ఖాళీగా, నీళ్ల పైపుతో మాత్రమే ఇస్తారు. సింకు, స్టవ్వు మనమే కొనాలి. ఐన్‌బౌక్యూషె అని రాసి ఉంటే వంటిల్లు అమర్చి ఉన్నట్టు.

క్లాక్ టవర్, అనంతపురం:
డబ్బు ఆపేసినామన్నా. ఇంకో ఇంటోళ్లు షూఫా అడుగుతున్నారు, కొత్తగా పోయేవాడికి యాడుంటుంది?

కొండారెడ్డి బురుజు, కర్నూలు:
అది అప్పుల చరిత్ర చూపే కాగితం, కొత్తవాళ్లకు ఉండదు. ఆ మాటే చెప్పి బ్లాక్డ్ అకౌంటు (వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే ఖాతా) కాగితం, అడ్మిషన్ లెటరు చూపండి. అక్కడ ఉద్యోగం చేసే తెలిసినవాళ్లు హామీ రాసిస్తే ఇంకా మేలు.

దేవుని కడప:
బీగాలు తీసుకునే రోజు ఓనరుతో పాటు తిరిగి గోడల మరకలు, మీటరు రీడింగులు, బీగాలు ఎన్నో ఊబర్‌గాబె ప్రొటోకోల్‌లో (ఇల్లు అప్పగించేటప్పుడు రాసుకునే కాగితం) రాయించి ఫోటోలు తీయాలి. అది లేకుంటే పాత గీతలకూ మీ అడ్వాన్సే కోసుకుంటారు. చలికాలంలో అన్నం, సాంబారు ఆవిరి, లోపల ఆరేసిన బట్టల తడి కిటికీ మూలల్లో నల్లటి బూజు పట్టిస్తాయి. కిటికీ వాలుగా తెరిచి ఉంచితే చాలదు, రోజుకు రెండు మూడుసార్లు ఐదు పది నిమిషాలు బార్లా తీయాలి.

గడువు రాయని అగ్రిమెంటయితే ఖాళీ చేయాలన్నా మూడు నెలల ముందు కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి, ఈమెయిలు చెల్లదు. ఆ మూడు నెలల్లో మొదటి నెల మూడో పనిదినంలోపు ఓనరు చేతికి అందకపోతే ఇంకో నెల బాడుగ మీద పడుతుంది.