67 ఏళ్ల నాన్నకి టావీనా, ఓపెన్ సర్జరీనా?

తెనాలి అబ్బాయి:
నాన్నకి 67. గుండె నుంచి ఒంటికి రక్తం వదిలే అయోర్టిక్ వాల్వ్ గట్టిపడి బాగా సన్నబడిందని ఎకోలో వచ్చింది. తెరుచుకునే వైశాల్యం 0.8 చదరపు సెంటీమీటర్లట. మెట్లెక్కితే ఆయాసం, ఈమధ్య ఒకసారి కళ్లు తిరిగాయి. షుగర్ లేదు, కిడ్నీలు బాగున్నాయి. కార్డియాలజిస్టేమో టావీ చేద్దాం, గజ్జ దగ్గర రక్తనాళంలోంచి కొత్త వాల్వ్ పంపిస్తాం, నాలుగు రోజుల్లో ఇంటికెళ్లొచ్చు అంటున్నారు. అదే ఆసుపత్రిలో సర్జన్ గారు ఈ వయసుకి ఓపెనే మంచిది అన్నారు. ఛాతీ కోస్తారనగానే అమ్మ ఏడుపు. ఎవరి మాట వినాలి?

డాలస్ తెలుగు:
టావీనే బ్రదర్, ఇందులో చర్చేముంది? పార్ట్‌నర్ 3 అని 2019లో వచ్చిన ట్రయల్ చూడండి. ఆపరేషన్ రిస్క్ తక్కువున్న 1000 మంది. ఏడాదిలో మరణం, స్ట్రోక్, మళ్లీ ఆసుపత్రిలో చేరడం మూడూ కలిపి టావీలో 8.5 శాతం, సర్జరీలో 15.1 శాతం. మా మామగారికి ఇక్కడ చేయించాం, వారం తిరక్కుండా వాకింగ్‌కి వెళ్లారు.

ఓటీ నైట్ డ్యూటీ:
గుండె ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తాను, డాక్టర్ని కాదు. డాలస్ గారు చెప్పిన లెక్క నిజమే కానీ సగమే. అదే ట్రయల్ అయిదేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఆ మూడూ కలిపితే టావీలో 22.8 శాతం, సర్జరీలో 27.2 శాతం. అంటే తేడా తగ్గింది. ఒక్క మరణాలే చూస్తే టావీలో 10 శాతం, సర్జరీలో 8.2. ఇది గట్టి తేడా అని నేననను, యాదృచ్ఛికం కావచ్చు. కానీ మొదటి ఏడాది గెలుపు చూపించి జీవితాంతం గెలుపు అనడం కుదరదు. పైగా అందులో సగటు వయసు 73.

ఇంకో సంగతి. టావీలో పాత వాల్వ్ తీసెయ్యరు. దాన్ని గోడకి నొక్కి, లోపల కొత్తది విప్పుతారు. కాల్షియం గడ్డలు ఎగుడుదిగుడుగా ఉంటే పక్కనుంచి లీకవుతుంది. గుండెకి కరెంటు మోసే తీగల్లాంటి కణజాలం సరిగ్గా ఆ కిందే ఉంటుంది కాబట్టి, నొక్కుడుకి అది దెబ్బతింటే పేస్‌మేకర్ పడుతుంది. తనంతట తాను విచ్చుకునే రకం వాల్వ్ మీద జరిగిన ఎవల్యూట్ లో రిస్క్ ట్రయల్లో నెలలోపే 17.4 శాతం మందికి పేస్‌మేకర్ పడింది, సర్జరీలో 6.1 శాతానికి. బెలూన్‌తో విప్పే రకంలో ఇది బాగా తక్కువ. ఏ వాల్వ్ వేస్తారో ముందే అడగండి.

డాలస్ తెలుగు:
సర్జరీలో ఏమీ జరగనట్టు రాస్తున్నారేంటండీ! పార్ట్‌నర్ 3లోనే సర్జరీ అయిన వాళ్లలో దాదాపు 40 శాతం మందికి నెలలోపు గుండె లయ తప్పింది, టావీలో 5 శాతానికే. రక్తస్రావమూ సర్జరీలోనే ఎక్కువ. వాల్వ్ మన్నదు అనే భయానికి జవాబు డెన్మార్క్, స్వీడన్‌లలో చేసిన నోషన్ ట్రయల్. పదేళ్ల తర్వాత తీవ్రంగా పాడైన వాల్వులు టావీలో 1.5 శాతం, సర్జరీలో 10 శాతం. ఒకవేళ పాడైనా దాంట్లోనే ఇంకో వాల్వ్ వేస్తారు.

ఓటీ నైట్ డ్యూటీ:
నోషన్‌లో చేరేటప్పటికే వాళ్ల సగటు వయసు 79. పదేళ్లలో రెండు వైపులా 60 శాతానికి పైగా చనిపోయారు. వాల్వ్ కన్నా ముందు మనిషే వెళ్లిపోతే వాల్వ్ మన్నిక ఏం తెలుస్తుంది? ఈ అబ్బాయి వాళ్ల నాన్నగారు 85 దాకా ఉంటారనుకుందాం, ఉండాలి కూడా. అప్పుడు రెండో వాల్వ్ తప్పకపోవచ్చు. వాల్వ్‌లో వాల్వ్ వేస్తే దారి ఇంకా ఇరుకు. గుండెకే రక్తమిచ్చే కరోనరీ రక్తనాళాల మూతులు కిందికి ఉంటే అవి మూసుకుపోయే ప్రమాదం. అది కుదరక టావీ వాల్వ్‌ని కోసి తీయాల్సొస్తే మామూలు సర్జరీ కన్నా చాలా ప్రమాదం. అదే మొదట సర్జరీలో పెద్ద సైజు వాల్వ్ వేయించుకుంటే, ముసలితనంలో దాని లోపల టావీ వేసుకోవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే నా లెక్క.

సూర్యాపేట మాస్టారు:
మా అమ్మకి 84 ఏళ్లకి టావీ చేయించాం, ఆ వయసుకి వేరే మాటే లేదు. అసలు 2002లో ఫ్రాన్స్‌లో డాక్టర్ క్రిబియే మొదటిసారి చేసిందే సర్జరీకి తట్టుకోలేని మనిషికి. 67కి మాత్రం పెద్ద డాక్టర్ల సంఘాల గైడ్‌లైన్సే ఒక్కమాట మీద లేవు. అమెరికా వాళ్లు 2020లో 65 నుంచి 80 మధ్య రోగితో మాట్లాడి తేల్చమన్నారు. యూరప్ వాళ్లు 2025లో 70 దగ్గర గీత గీశారు, అది దాటితే టావీ, లోపైతే సర్జరీ వైపు. డాలస్ గారూ, అక్కడ ఇన్సూరెన్స్ కడుతుంది. ఇక్కడ చాలామంది జేబులోంచి కడతారు, టావీ వాల్వ్ ఒక్కదానికే లక్షలు. గుజరాత్ కంపెనీ మెరిల్ వాళ్ల మైవాల్ విదేశీ వాల్వులకి తీసిపోలేదని 2024లో ల్యాండ్‌మార్క్ ట్రయల్లో తేలింది, అయినా సర్జరీ ఖర్చుతో పోలిస్తే భారమే.

ఒకటి అడగాలి బాబూ, మీ నాన్నగారి వాల్వ్‌కి రెక్కలు మూడా, పుట్టుకతో రెండేనా? రెండయితే కథ వేరు. నోషన్ 2 ట్రయల్లో 75 లోపు వాళ్లలో రెండు రెక్కల వాల్వ్ ఉన్న వందమందిని చూస్తే, ఏడాదిలో మరణం, స్ట్రోక్, తిరిగి చేరడం కలిపి టావీలో 14.3 శాతం, సర్జరీలో 3.9. వందమందే కాబట్టి తుది తీర్పు కాదు, కానీ వదిలేసే సంగతీ కాదు.

డాలస్ తెలుగు:
రెండు రెక్కలైతే నేనూ సర్జరీకే ఓటేస్తా. మూడైతే మాత్రం నా మాట మారదు. ఇంతకీ పెద్దాయన ఏమంటున్నారు?

తెనాలి అబ్బాయి:
ఎకోలో రెక్కల సంగతి స్పష్టంగా రాయలేదండీ, సీటీ స్కాన్ సోమవారం. నాన్నేమో "నెల రోజులు మంచంమీద ఉన్నా ఫర్వాలేదు, పదేళ్ల తర్వాత మళ్లీ ఈ టెన్షన్ వద్దు" అంటున్నారు. సర్జరీ వాల్వ్ కూడా జంతు కణజాలమే, అదీ అరుగుతుందని ఇంకా చెప్పలేదు.

ఓటీ నైట్ డ్యూటీ:
ఆ మాట నాన్నగారికి చెప్పండి. సీటీలో రెక్కల లెక్క, వాల్వ్ ఉంగరం కొలత, కరోనరీ మూతుల ఎత్తు, తొడ రక్తనాళం వెడల్పు రాయించుకోండి. ఆ కాగితంతో కార్డియాలజిస్టునీ సర్జన్‌నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, రెండో వాల్వ్ ఎలా వేస్తారని ఇద్దరినీ అడగండి.