అప్‌డేట్: బెడ్‌రూం గోడకు బూజు, రిపేరు ఓనరే చేయించారు

విజయవాడ సత్యనారాయణపురంలో మా అద్దె ఇంటి గోడకు చెమ్మ పట్టి నల్లగా బూజు వచ్చిందని, "మీరు కిటికీలు తీయకపోవడం వల్లే, ఖర్చు అడ్వాన్సులో పట్టుకుంటా" అని ఓనరు గారు అంటున్నారని అడిగాను కదా.

ప్లంబర్‌కి చూపిస్తే పై వాటా బాత్రూం పైపు లీకని తేలింది. ఫొటోలు, తేదీలతో రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను. అగ్రిమెంటులో వేరేగా లేకపోతే, ఓనరు చేయించాల్సిన రిపేరు చెప్పినా చేయించనప్పుడు మనమే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఇది ఉంది. ఆ మాటా రాశాను.

వారంలో పైపు మార్పించారు. గోడ పూర్తిగా ఆరేదాకా రంగు వేయొద్దని నేనే పట్టుబట్టాను, తడి మీద వేస్తే బూజు మళ్లీ వస్తుంది. పాపకి రాత్రిళ్లు దగ్గు తగ్గింది, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం. పాడైన పరుపు డబ్బులు మాత్రం ఇంకా ఇవ్వలేదు, అడుగుతున్నాను.