ఇరుకు కాలువలో పెద్ద ఓడను గట్టు లాగేస్తుందంటారు, నిజమేనా?

కొత్త_క్యాడెట్: వచ్చే నెల మొదటిసారి సూయజ్ దాటబోతున్నాను. దగ్గరికి పోతే గట్టే ఓడను లాక్కుంటుందని సీనియర్లు అంటున్నారు. నన్ను భయపెట్టడానికేనా?

చుక్కాని_చేతిలో: నిజమే, కాకపోతే లాగేది తోకను. ఓడకూ గట్టుకూ నడుమ నీరు వేగంగా పారి అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. వెనుక భాగం గట్టువైపు, ముక్కు ఎదుటి గట్టువైపు పోతాయి. నేను మొదటిసారి చక్రం పట్టినరోజు కుడి గట్టు దగ్గరగా ఉంది. ఓడ తిన్నగానే పోతోంది, చుక్కాని సూచిక మాత్రం కుడికి ఐదు డిగ్రీలు చూపిస్తోంది. తప్పేమోనని సున్నాకు తెచ్చాను. పైలట్, అంటే కాలువ దాటించడానికి ఓడెక్కే స్థానిక నావికుడు, చేతిలోని టీ కప్పు కింద పెట్టేశాడు.

మూడో_మేట్: వేగం తగ్గించడమే మందు. వేగం రెట్టింపైతే ఓడ నీటిలోకి దిగడం దాదాపు నాలుగింతలవుతుంది. అడుగున నీళ్ళు తక్కువున్న చోట అది చిన్న విషయం కాదు.

గాలివాటం: అంత తేలికా? కంటైనర్ల గోడ పక్కగాలికి తెరచాపే. మరీ నెమ్మదిస్తే చుక్కాని మాట వినదు. 2021 మార్చి 23న 400 మీటర్ల ఎవర్ గివెన్ సూయజ్‌లో అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కుంది. గాలి వల్లనా, వేగం వల్లనా అని వాదించేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది, అవి విడివిడిగా ఎప్పుడొచ్చాయి?

చుక్కాని_చేతిలో: అందుకే మంచి పైలట్లు వంపు దగ్గరికి నెమ్మదిగా వస్తారు. చుక్కాని తిప్పించి, ఇంజిన్‌ను కాసేపు గట్టిగా నడిపిస్తారు. ఓడ వేగం అందుకునేలోపే ప్రొపెల్లర్ నీరు చుక్కానిని కొట్టి ముక్కును తిప్పుతుంది.

లాకుల_మనిషి: పనామా కాలువ పాత లాకుల్లో, అంటే నీళ్ళతో ఓడను ఎత్తి దించే గదుల్లో, తలనొప్పి వేరు. వెడల్పు 33.5 మీటర్లు, ఓడ 32.3. రెండు పక్కలా అర మీటరు పైచిలుకు, అంతే. పట్టాల మీద నడిచే ఇంజిన్లు తీగలతో ఓడను నడిమధ్యన పట్టి ఉంచుతాయి. లోపలికి దూరుతుంటే ముందున్న నీటికి దారి ఉండదు, పిచికారీలో కర్ర తోసినట్టు ఎదురునెడుతుంది. 2016లో తెరిచిన కొత్త లాకులు 55 మీటర్లు, అక్కడ ఆ ఇంజిన్లు లేవు, టగ్గులే (ఓడను లాగి, నెట్టే చిన్న పడవలే) దిక్కు.

కొత్త_క్యాడెట్: మరి మాట ఎవరిది, పైలట్‌దా, కెప్టెన్‌దా?

లాకుల_మనిషి: పనామాలో ఓడ నడక పైలట్ చేతిలోకి వెళ్తుంది. సూయజ్‌లో పైలట్ సలహాదారు, బాధ్యత కెప్టెన్‌దే.

కొత్త_క్యాడెట్: చుక్కాని_చేతిలో గారూ, ఆ టీ కప్పు తర్వాత ఏమైంది?

చుక్కాని_చేతిలో: "కుడికి పది" అన్నాడు, అంతే. ముక్కు దారికి వచ్చేదాకా నా వైపు చూడనే లేదు. టీ అలాగే చల్లారిపోయింది.