సేవ చేసే కంపెనీ అంటే బాగా నడిచే కంపెనీ అనుకోవచ్చా? సత్యం కంప్యూటర్స్ సంగతి చూశాక కూడా?

కూకట్‌పల్లి వాసి:
మా పాత క్లాస్‌మేట్ల గ్రూపులో ఒకడు ఒక కంపెనీ షేరు కొనమని అందరికీ చెబుతున్నాడు. కారణం అడిగితే "ఏటా బడులకీ ఆసుపత్రులకీ కోట్లు ఇస్తారు రా, మేనేజ్‌మెంట్ మంచిది" అన్నాడు. నా పేచీ సరిగ్గా ఈ మాటతోనే. వేరే ఊరివాళ్లు అన్నా సరే, హైదరాబాదులో ఉండి ఎలా అంటాం?

2008 సెప్టెంబరులో మన హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌కి కార్పొరేట్ గవర్నెన్స్‌లో, అంటే కంపెనీని పద్ధతిగా, జవాబుదారీగా నడపడంలో, గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, సత్యం ఛైర్మన్ రామలింగరాజు మోసం ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవు. రాని వడ్డీ 376 కోట్లు, చూపించని అప్పు 1,230 కోట్లు, పెంచి చూపిన రావాల్సిన బాకీలు 490 కోట్లు, అన్నీ కలిపి 7,136 కోట్లు. అదే మనిషి 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలుపెట్టించాడు. ఆ కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల ఊళ్లలో మంచినీటి ప్లాంట్లు పెట్టింది. సేవ నిజం, మోసమూ నిజం. రెండూ ఒకేసారి, ఒకే మనుషుల చేతుల మీదుగా జరిగాయి.

సీఎస్ఆర్, అంటే కంపెనీ సమాజం కోసం పెట్టే ఖర్చు, చూస్తే లాభంలోంచి ఎంత తీసి ఎవరికిచ్చారో తెలుస్తుంది. ఆ లాభం ఎలా వచ్చిందో, అసలు వచ్చిందో లేదో తెలియదు. పైగా ఇప్పుడది చట్టం. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టి తీరాలి. చట్టం కట్టమన్నది కట్టినందుకు మంచి మేనేజ్‌మెంట్ అని మార్కులు వేయడం ఏమిటి?

పాలకొల్లు కుర్రాడు:
అన్నా, మీరు చెప్పిన అంకెల్లో తప్పు లేదు. కానీ మా వైపు డెల్టా చివరి ఊళ్ల సంగతి మీకు తెలిసినట్టు లేదు. చుట్టూ చేపల చెరువులు, బోరు వేస్తే ఉప్పు నీళ్లు, కాలవ నీళ్లు తాగితే జ్వరాలు. మా అమ్మమ్మగారి ఊళ్లో ప్లాంటు వచ్చాక జనం సైకిలు వెనక క్యారియర్‌కి డబ్బా కట్టుకుని, కొద్దిపాటి రుసుము కట్టి నీళ్లు తెచ్చుకునేవాళ్లు. ఆ నీళ్లు తాగిన పిల్లలకి కంపెనీ బ్యాలెన్స్ షీటుతో ఏం పని? గుండెనొప్పి వచ్చినవాణ్ణి 108 ఎక్కించేటప్పుడు దాన్ని ఎవరు మొదలుపెట్టారని ఎవరూ అడగరు. మీలాంటివాళ్లు సీఎస్ఆర్‌ని తీసిపారేస్తే, రేపు కంపెనీలు కూడా ఇదంతా నాటకం అని జనమే అంటున్నారు, 2 శాతం ఎత్తేయండి అంటాయి. అప్పుడు నష్టం మా ఊళ్లకే.

పద్దుల సీతారామయ్య:
నేను ఆడిట్ పనిలో ఉన్నవాణ్ణి. గవర్నెన్స్ అనగానే అందరూ పెద్ద పెద్ద పదాలు వాడతారు గానీ, అది చాలా చిన్న పనుల్లో ఉంటుంది. ఒకటి చెబుతాను.

కంపెనీకి ఫలానా బ్యాంకులో ఇంత డిపాజిట్ ఉంది అన్నప్పుడు ఆడిటరు ఆ బ్యాంకుకి ఒక కన్ఫర్మేషన్ లెటర్ పంపాలి. అది ఆడిటరు చేతుల మీదుగా వెళ్లాలి, జవాబు నేరుగా ఆడిటరు ఆఫీసుకే రావాలి. మధ్యలో కంపెనీ అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ దాన్ని ముట్టుకోకూడదు. విషయం ఇంతే. సత్యంలో సరిగ్గా ఇక్కడే దెబ్బతింది. బ్యాంకుల జవాబులు ఆడిటర్ల అదుపులో లేకుండా కంపెనీ ద్వారానే చేతులు మారాయని, సత్యం ఆడిటర్లైన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలు ఆ పని సరిగ్గా చేయలేదని తేల్చి 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు వాళ్లకి జరిమానా వేశాయి. స్టాంపు ఖర్చుతో అయ్యే పని అది, పద్ధతిగా చేసి ఉంటే 5,000 కోట్ల బొంకు అన్నేళ్లు నిలిచేది కాదు.

కుర్రాడు గారు, మీ ఊరి నీళ్లని నేను తక్కువ చేయడం లేదు. కానీ 2009 జనవరి 7న ఒక్కరోజులో ఆ షేరు విలువలో మూడొంతులకు పైగా పోయింది. ఆ పోయిన డబ్బు కూడా జనానిదే. రిటైరయ్యాక వచ్చిన డబ్బు, పిల్ల పెళ్లికని దాచింది. ఇచ్చినది కంటికి కనిపిస్తుంది, పోయినది ఎవరింట్లో పోయిందో వాళ్లకే తెలుస్తుంది.

గోపాలపట్నం:
మీరంతా షేర్ల చుట్టూనే తిరుగుతున్నారు. కంపెనీలో షేరు లేకపోయినా దాని గోడ పక్కన ఇల్లున్నవాడి సంగతి ఏమిటి?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్ఆర్ వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో ఉన్నవన్నీ మామూలు విషయాలే. స్టైరీన్ వేడెక్కకుండా చల్లబరిచే ఏర్పాటు పగలూ రాత్రీ నడపలేదు. అది ట్యాంకులోనే గట్టిపడే చర్య మొదలవకుండా కలపాల్సిన రసాయనం సరిపడా దగ్గర పెట్టుకోలేదు. సైరన్ ఉంది, మోగించలేదు. సరైన పర్యావరణ అనుమతి లేకుండా ఏళ్లపాటు నడిపిన సంగతి కూడా అప్పుడే అందరికీ తెలిసింది.

నిద్రలో ఉన్న ఊరికి ఆ రాత్రి కావాల్సింది సైరన్ మోత. సామాజిక బాధ్యత అంటే నా లెక్కలో మొదట అదే. గోడ అవతల ఉన్నవాళ్లకి లోపల ఏముందో, లీకైతే ఎటు పరిగెత్తాలో చెప్పడం, ఏడాదికోసారి వాళ్లతో కలిసి మాక్ డ్రిల్ చేయడం. వైద్య శిబిరం, బడికి బెంచీలు తర్వాత చూద్దాం.

మార్చి టెన్షన్:
నేను ఒక కంపెనీలో సీఎస్ఆర్ విభాగంలోనే చేస్తాను, పేరు చెప్పను. లోపలి సంగతి కొంచెం రాస్తాను.

జనవరి దాకా ఫైలు కదలదు. ఫిబ్రవరిలో "ఇంకా ఎంత మిగిలింది?" అని మెయిళ్లు మొదలవుతాయి. మార్చిలో టెన్షనే టెన్షన్. ఒక జిల్లా పరిషత్ బడిలో మేం ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించాం. టైల్స్ వేశాం, రంగులు వేశాం, కంపెనీ లోగోతో బోర్డు పెట్టాం, రిబ్బన్ కత్తిరించాం, ఫొటో వార్షిక నివేదికలో వచ్చింది. నీటి కనెక్షన్ మాత్రం బడ్జెట్‌లో లేదు. తర్వాత వెళ్లి చూస్తే తలుపుకి తాళం, లోపల విరిగిన బెంచీలు. హెడ్మిస్ట్రెస్ గారు మమ్మల్ని ఏమీ అనలేదు, కుర్చీలు వేయించి టీ ఇప్పించారు. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

2021లో రూల్స్ మారాక కొంత నయం. కొనసాగుతున్న ప్రాజెక్టు డబ్బు మిగిలితే ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు చేయొచ్చు, కాబట్టి మార్చి 31కి ఎలాగో ఒకలా ఒడ్డెక్కించాలన్న ఆత్రం తగ్గాలి. పెద్ద కంపెనీలు కోటి రూపాయలు దాటిన ప్రాజెక్టులకి బయటివాళ్లతో ఫలితాల మదింపు చేయించాలి. ఇంకో మాట, గోపాలపట్నం గారూ. తన వ్యాపారంలో భాగంగా మామూలుగా చేయాల్సిన పనిని కంపెనీ సీఎస్ఆర్‌గా చూపించకూడదు. మీరు చెప్పిన సైరన్, కూలింగ్ అన్నీ ఫ్యాక్టరీ నడపడానికి పెట్టాల్సిన ఖర్చే, ఈ 2 శాతంలోకి రావు. అందుకే వాటికి ఫొటోలు ఉండవు, రిబ్బన్లు ఉండవు. పైవాళ్లకి వాటి మీద ఆసక్తి తగ్గడానికి ఇదీ ఒక కారణమని నాకు అనిపిస్తుంది.

రిటైర్డ్ బ్యాంకు మనిషి:
కూకట్‌పల్లి వాసి గారూ, మీ వాదనలో ఒక లొసుగు ఉంది. సేవని నమ్మొద్దు, గవర్నెన్స్ చూడండి అంటున్నారు. సత్యం బోర్డులో ఎవరున్నారు? హార్వర్డ్ ప్రొఫెసరు, ఐఎస్‌బీ బిజినెస్ స్కూలు డీన్, మాజీ కేబినెట్ సెక్రటరీ. కాగితం మీద అంతకన్నా మంచి బోర్డు ఎక్కడ దొరుకుతుంది? 2008 డిసెంబరు 16న రాజు గారి కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకి కొనడానికి ఆ బోర్డే ఒప్పుకుంది. అవార్డూ గవర్నెన్స్‌కే ఇచ్చారు. మరి దాన్ని మాత్రం ఏం చూసి నమ్మాలి?

కూకట్‌పల్లి వాసి:
మంచి ప్రశ్న అడిగారు సార్. ఆ కొనుగోలు ఆగింది ఎలాగో చూడండి. బోర్డు ఆపలేదు. డబ్బు పెట్టిన ఇన్వెస్టర్లు, ఫండ్ల వాళ్లు ఎదురుతిరిగితే కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. అప్పటికి ప్రమోటర్ల, అంటే కంపెనీ పెట్టి నడిపే రాజు గారి కుటుంబం, వాటా 10 శాతం లోపే. అంటే కాదనగలిగిన శక్తి ఉన్నవాళ్లు బయట ఉన్నారు, వాళ్లకి విషయం తెలిసింది, ఆగింది. నేను గవర్నెన్స్ అంటున్నది దాన్నే. బోర్డులో ఎన్ని డిగ్రీలున్నాయని కాదు, కాదు అనే మనిషికి ఎంత సమాచారం, ఎంత బలం ఉన్నాయని.

చట్టం కొంత మారింది, ఒప్పుకుంటాను. షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలో ఒక ఆడిట్ సంస్థ వరసగా పదేళ్లు దాటి ఉండకూడదు. ఆడిటర్ల మీద కన్నేయడానికి 2018లో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ అనే నియంత్రణ సంస్థ వచ్చింది. 2022 నుంచి స్వతంత్ర డైరెక్టర్‌ను, అంటే ప్రమోటర్లతో సంబంధం లేని డైరెక్టర్‌ను, వేయాలంటే మామూలుగా ప్రత్యేక తీర్మానం, అంటే పోలైన ఓట్లలో నాలుగింట మూడొంతులు కావాలి. కానీ ప్రమోటరు చేతిలోనే 70 శాతం ఉన్న కంపెనీలో ఆ ఓటింగులో ఏముంటుంది? ఆ డైరెక్టరు ఎవరికి జవాబుదారీ? చిన్న వాటాదార్ల ఓట్లు విడిగా లెక్కపెట్టి, వాళ్లు ఒప్పుకుంటేనే వేయాలన్నది నా మాట.

పాలకొల్లు తమ్ముడూ, 2 శాతం తీసేయమని నేను ఎక్కడా అనలేదు, అనను. రాజు గారు జైలుకెళ్లినా 108 ఎందుకు ఆగలేదో గమనించు. నడిపే ఖర్చులో ఎక్కువ భాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తోంది, ఆ ఏడాదే జీవీకే వచ్చి నిర్వహణ తీసుకుంది. అంబులెన్సు ఒక యజమాని మంచితనం మీద ఆధారపడలేదు కాబట్టి నిలిచింది. మీ ఊళ్ల నీళ్లకీ అలాంటి ఏర్పాటే కావాలి.

పాలకొల్లు కుర్రాడు:
ఏర్పాటు కావాలన్న మాట సరే అన్నా. కానీ ఆ ఏర్పాటు జరిగేదాకా దాహం ఆగదు కదా. ప్రభుత్వం పదేళ్లలో చేయలేనిది వాళ్లు మా ఊళ్లో ఒక ఏడాదిలో చేశారు. అది మాత్రం నేను మర్చిపోలేను, ఎన్ని కోట్ల మోసం బయటపడ్డా సరే.

గోపాలపట్నం:
మర్చిపోమని ఎవరూ అనట్లేదు తమ్ముడూ. వాటాదార్లకి ఓటుంది, ఆడిటరుకి సంతకముంది. గోడ పక్కవాడికి ఏముంది? డ్రిల్ ఎప్పుడు చేశారు, ట్యాంకులో ఏముంది అని అడిగితే జవాబిచ్చి తీరాలనే హక్కు వాడికి ఉండాలి. బ్యాంకు మనిషి గారూ, మీరు వాటాదార్ల వార్షిక సమావేశాలకి (ఏజీఎంలకి) వెళ్తుంటారు కాబట్టి, ఈసారి మీకు షేర్లున్న రసాయనాల కంపెనీలో ఈ రెండు ప్రశ్నలూ మా తరఫున అడగండి.

రిటైర్డ్ బ్యాంకు మనిషి:
ఆగస్టులో ఒకటి ఉంది, అడుగుతాను. సీతారామయ్య గారి బ్యాంకు లెటరు ప్రశ్న కూడా కలిపి రాతపూర్వకంగా ముందే పంపిస్తాను.