గెర్‌ట్రూడ్ ఆ గిన్నె తెలిసే తాగిందా? సలహా కావాలి

అందరికీ నమస్కారం. మేం వేస్తున్న షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ నాటకంలో నాది రాణి గెర్‌ట్రూడ్ పాత్ర. మొదటి భర్త హత్య సంగతి ఆమెకు తెలుసా లేదా అన్నది తేలక టెన్షన్‌గా ఉంది.

1603 నాటి మొదటి క్వార్టోలో (నాటకం తొలి అచ్చు ప్రతిలో) తనకేమీ తెలియదని ఆమె కొడుకు హామ్లెట్ దగ్గర ఒట్టేసి చెబుతుంది. మేం వాడుతున్న 1623 ఫోలియోలో (షేక్‌స్పియర్ నాటకాల సంపుటిలో) ఆ ఒట్టు లేదు. అయినా మూడో అంకంలో కొడుకు రాజు హత్య మాట ఎత్తగానే ఆమె ఉలిక్కిపడుతుంది. నాకది నటనలా అనిపించదు.

అసలు చిక్కు చివర్లో, విషం గిన్నె దగ్గర. అది ఆమె రెండో భర్త, మొదటి భర్తను చంపిన క్లాడియస్, హామ్లెట్ కోసం సిద్ధం చేసిన గిన్నె. ఆమె తాగబోతే అతను తాగొద్దంటాడు. ఆమె మన్నించమని చెప్పి మరీ తాగేస్తుంది. అనుమానం వచ్చి కావాలనే తాగిందని మా దర్శకుడు గారి వాదన. నాకేమో కత్తిపోటీలో కొడుకు గెలుస్తున్నాడన్న మురిపెమే కనిపిస్తోంది. అంతకుముందు నుదురు తుడుచుకోమని రుమాలు ఇస్తుంది, తాగాక దగ్గరికి రా, ముఖం తుడుస్తానంటుంది. చావబోతున్నానని తెలిసిన మనిషి అలా అంటుందా? ఏమో, తల్లి కాబట్టి అంటుందేమో కూడా!

ఈ పాత్ర వేసినవాళ్లు, పాఠం చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. తాగే క్షణంలో నా చూపు కొడుకు మీద ఉండాలా, భర్త మీద ఉండాలా?